వాన వెలిశాక కూడా అక్కడే నిలబడండి

ప్రశ్న: కనిగిరి ప్రాంతంలో ఒక ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. ఉదయం ప్రార్థనలో ప్రతిజ్ఞ, వార్తలు అయ్యాక పిల్లలకు ఒక నీతి కథ చెప్పే బాధ్యత నాది. నక్క కథలు, కాకి కథలు పిల్లలకు అప్పటికే నోటికి వచ్చి ఉండడంతో, ఏడాదిగా నేను దారిలో, బస్సులో, బజారులో చూసిన సంగతులనే కథలుగా చెబుతున్నాను. మొదట్లో ఎంతో ఆసక్తిగా విన్నారు. ఇప్పుడు కథ సగంలో ఉండగానే ‘నీతి ఏంది టీచర్?’ అని అడుగుతున్నారు. చెప్పుకోదగ్గ విశేషాలు కూడా నా రోజుల్లో ఏమీ జరగడం లేదు. పోయిన నెలలో, తాగి దారి పక్కన పడిపోయిన కొడుకును తోపుడు బండి మీద ఇంటికి చేర్చుకుంటున్న ఒక పెద్దాయన గురించి చెప్పి, తాగుడు ఎంత చెడ్డదో వివరించాను. ఆయన మనవరాలు నాలుగో తరగతి వరుసలో నిలబడి ఉందని నాకు తెలియదు. పిల్లలందరూ ఒక్కసారిగా ఆ పాప వైపు తిరిగారు. పాప ఏడ్చింది. అప్పటి నుంచి నా ఎదుట తల ఎత్తడం లేదు. రోజువారీ జీవితం నుంచి పాఠాలు ఎలా ఏరుకోవాలి? ఇతరుల జీవితాలను కథలుగా చెప్పవచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు, కనిగిరి ప్రాంతం

సమాధానం:

అమ్మా,

ఏడాదిగా చెప్పిన కథల గురించి విపులంగా రాసి, ఆ పాప సంగతి మాత్రం చివర్లో నాలుగైదు వాక్యాలతో సరిపెట్టారు. మనసును బాగా నలిపే సంగతిని ఎవరైనా అలాగే చిట్టచివర, తక్కువ మాటల్లో రాస్తారు. అందుకే మీరు అడిగిన వరుసను పక్కనపెట్టి అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

మీరు చేసింది పొరపాటే. తెలియక చేసినా పొరపాటే. అయితే కథలు చెప్పేవాళ్లం అందరం ఏదో ఒకనాడు చేసే పొరపాటు అది. నేను మీకంటే పెద్దదే చేశాను. నెల్లూరులో ఒక శాఖా గ్రంథాలయంలో ముప్పై ఏళ్లు పనిచేసి, పదవీ విరమణ తర్వాత కూడా ఆదివారాలు అక్కడే, పత్రికలు చదివే పెద్దవాళ్లు లేచి వెళ్లాక అవే బల్లల దగ్గర పిల్లలను కూర్చోబెట్టి కథలు చెబుతున్నదాన్ని. చాలా ఏళ్ల కిందట మా పక్కింటివాళ్లు చీటీల్లో డబ్బు పోగొట్టుకున్నారు. ఆ ఇల్లాలు తన బంగారు గాజులు అమ్మి, అత్తగారికి తెలియకుండా అచ్చం అదే నమూనాలో రోల్డ్‌గోల్డ్ గాజులు కొని వేసుకుంది. రెంటికీ చప్పుడులో తేడా ఉంటుందని, అత్తగారు వంటింట్లోకి వస్తే చేతులు కదపకుండా పట్టుకునేదట. ఈ మాట ఆమే ఒక సాయంత్రం నాతో చెప్పుకుంది. ఆ కదలని చేతులు నా మనసులో ఉండిపోయాయి. ఒక ఆదివారం, పేరు ఎత్తకుండా, ఆమె ధైర్యాన్ని ఎంతో మెచ్చుకుంటూ పిల్లలకు చెప్పాను. విన్నవాళ్లలో మా వీధి పిల్లవాడు ఒకడున్నాడు.

ఆమె నాతో పోట్లాడలేదు. వారం వారం మా రెండిళ్ల మధ్య గోడ మీదుగా చేపల పులుసు గిన్నె రావడం ఆనవాయితీ. ముందురోజు రాత్రి కాచి, మామిడికాయ ముక్కల పులుపు చేపకు పట్టేదాకా మట్టి దాకలోనే ఉంచిన పులుసు. ఆ తర్వాతి వారం మా గిన్నె తోమి, తుడిచి, ఖాళీగా తిరిగి వచ్చింది. పొరుగింటి గిన్నెను వట్టిగా పంపకూడదని, ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరైనా వేసి పంపాలని నమ్మే మనిషి ఆమె. నేను పొగిడానా, తెగిడానా అన్నది ఆమె లెక్కలో లేనే లేదు. ఆమె దాచుకున్నదాన్ని నేను తీసి పదిమందిలో పెట్టాను. క్షమించమని అడిగాను, ఆమె ‘పోనీలే అక్కా’ అంది. పులుసు గిన్నె మళ్లీ రావడానికి మాత్రం ఏడాది పట్టింది.

మీ విషయంలో మరొక చిక్కు ఉంది. మీరు బస్సు దిగి ఆ ఊరికి వస్తారు. పిల్లలు ఆ ఊళ్లోనే పుట్టి పెరుగుతున్నారు. మీకు ‘ఒక పెద్దాయన’ అయిన మనిషి వాళ్లకు పేరున్న మనిషి, ఫలానా వీధిలో ఫలానా ఇంటి మనిషి. మీరు పేరు చెప్పకపోయినా, తోపుడు బండి అనగానే యాభై మంది పిల్లలకు ఆ ఇల్లు కనబడింది. ఒక్క ఊరివాళ్లే కూర్చుని వినేచోట పేరు దాచినంత మాత్రాన మనిషి దాగడు.

మా చిన్నతనంలో శ్రీరామనవమి పందిట్లో హరికథ చెప్పడానికి వచ్చే దాసుగారు మధ్యాహ్నానికే మా ఊరు చేరేవారు. రచ్చబండ దగ్గర కూర్చుని టీ తాగుతూ, వచ్చేపోయేవాళ్లను పలకరిస్తూ, పొద్దువాలేలోగా ఊరంతా చుట్టి వచ్చేవారు. ఆయన పిట్టకథలకు సరుకు అక్కడే ఏరుకుంటున్నారని మా అందరికీ తెలుసు. అయితే రాత్రి సీతాకళ్యాణం మధ్యలో చిడతలు ఆపి పిట్టకథ ఎత్తుకుంటే, అందులోని పాలమనిషీ, గట్టు తగాదా, గొంతు పెంచే కరణమూ మా ఊళ్లోవి కావు. పెద్దదాన్నయ్యాక ఒకసారి ఆయననే అడిగాను. ‘మీ ఊరి సంగతి వచ్చే వారం ఇంకో ఊళ్లో చెప్తానమ్మా, ఆ ఊరిది ఈడ చెప్తా. ఎవురి ఊళ్లో వాళ్లది చెప్తే అది కథ గాదు, పంచాయితీ’ అన్నారు. నాకు తెలిసి ఈ పనిలో అంతకు మించిన సలహా లేదు. మీరు కనిగిరి బస్టాండులో చూసినది బడి ఉన్న ఊళ్లో చెప్పండి; బడి ఉన్న ఊళ్లో చూసినది మరెక్కడైనా చెప్పండి, లేదా మీ దగ్గరే ఉంచుకోండి. అన్నీ చెప్పి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. చెప్పక తప్పదనిపిస్తే ఆ మనిషినే అడగండి. అడగడానికి నోరు రాకపోతే ఆ కథ చెప్పే హక్కు మనకు ఇంకా రాలేదని నేను భావిస్తాను.

తాగుడు గురించి పిల్లల ముందు మాట్లాడనే కూడదా అని మీకు అనిపించవచ్చు. మాట్లాడవచ్చు, ఆ సంగతి మా జిల్లా కంటే ఎక్కువ ఎవరికి తెలుసు? 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచిన రోజుల్లో, రాత్రి బడులకు గ్రంథాలయం నుంచి పుస్తకాలు సర్దిపంపే పని కొత్తగా ఉద్యోగంలో చేరిన నా మీద పడింది. పగలంతా కూలికి పోయి, పిల్లలకు అన్నం పెట్టి, చీకటిపడ్డాక లాంతరు వెలుగులో ఆడవాళ్లు కూడబలుక్కుని చదివిన వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఒకటి ఉండేది. సారా వల్ల కాపురాలు చెడిన ఊరిలో సీతమ్మ అనే స్త్రీ తోటి ఆడవాళ్లను కూడగట్టిన కథ అది. దూబగుంటలో ఆడవాళ్లు ఆ పాఠం చదివారు, చర్చించుకున్నారు, తమ ఊరి సారా దుకాణం మూయించారు. వాళ్లకు ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు ఈనాటికీ చెప్పుకుంటాం. 1992 నాటికి ఆ కదలిక జిల్లా అంతటా పాకి, సారా వేలంపాటలు పలుమార్లు వాయిదాపడి, చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది.

ఆ పాఠాన్నీ, మీ ప్రార్థన సమయంలోని కథనూ పక్కపక్కన పెట్టి చూడండి. విషయం రెండింటిలోనూ ఒకటే. సీతమ్మ పేరు విన్నప్పుడు ఆ రాత్రి బడిలో ఎవరూ ఎవరి వైపూ తిరగలేదు; ఎవరికి వారు, ‘ఇది నా ఇంటి గొడవే’ అనుకున్నారు, ఆ తర్వాత ఆ మాట పక్కనున్నామెతో అనగలిగారు. మీ కథ విన్న పిల్లలు తమ ఇళ్ల వైపు చూసుకోలేదు, ఒక్క పాప వైపు చూశారు. ఆ యాభై ఇళ్లలో తాగుడు ఉన్న ఇల్లు ఆ ఒక్కటే అయి ఉండదు కదా. మిగిలిన పిల్లలకు తప్పించుకునే దారి మీ కథే చూపించింది. మీరు మంచి మనసుతోనే చెప్పారని నాకు అనుమానం లేదు. కథను ఎటు తిప్పి నిలబెట్టాలన్నది మనసును బట్టి కాక, వినేవాళ్లు ఎవరన్నదాన్ని బట్టి తేలుతుంది.

ఇక మీ మొదటి ప్రశ్నకు వస్తాను. పాఠాలు ఎలా ఏరుకోవాలి అని అడిగారు. ఏరుకోకండి అంటాను. దీనికి కారణం చెప్పడానికి నాకు రెండు సంగతులు కావాలి, కొంచెం ఓపికగా చదవండి.

నెల్లూరు నుంచి ఉదయగిరి వెళ్లే పల్లెవెలుగు బస్సులో ఆత్మకూరు వెళుతున్నాను. ఒక అవ్వకు కండక్టరు చిల్లర బాకీపడి, మామూలుగా చేసేట్టే టికెట్టు వెనక ఆ మొత్తం రాసి ఇచ్చాడు. సంగంలో ఆమె దిగిపోయింది. బస్సు కదిలి కొంతదూరం వచ్చాక కండక్టరుకు గుర్తొచ్చి, బస్సు ఆపించి, నోట్లు చేతబట్టుకుని వెనక్కి పరుగెత్తాడు. బస్సులోని వాళ్లం అందరం కిటికీల్లోంచి చూశాం. ఆదివారం నేను ఈ సంగతిని నిజాయితీ కథగా పిల్లలకు చెప్పాను, బాగానే చెప్పాననుకున్నాను. ఏడేళ్ల పిల్లవాడు ఒకడు లేచి, ‘అవ్వ చిల్లర ఎందుకు మర్చిపోయింది?’ అన్నాడు. పెద్దవయసు కదా నాయనా అన్నాను. వాడు ఒప్పుకోలేదు. ‘మా అవ్వ రూపాయి గూడా మర్చిపోదే’ అన్నాడు.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆమె ఒడిలో ఆసుపత్రి స్కానింగు కవరు ఉంది, ఆ పెద్దది, పొడుగాటిది. నెల్లూరులో ఎక్కినప్పటి నుంచి సంగం దాకా దాన్ని వంగనివ్వకుండా, కిటికీ గాలికి రెపరెపలాడనివ్వకుండా, పైఅంచును రెండు చేతులతో పట్టుకుని నిటారుగా నిలబెట్టి కూర్చుంది. టికెట్టు తీసుకోవడానికి కూడా ఒక్క చేతి రెండు వేళ్లే వదిలింది. టికెట్టు ఆ రెండు వేళ్ల మధ్యే మడతపడి ఉంది. ఆ కవరులో ఏముందో, అది ఆమెదో, ఇంట్లో మరెవరిదో నాకు తెలియదు. ఇవన్నీ నా కళ్లు చూశాయి. కండక్టరు పరుగెత్తగానే ‘నిజాయితీ’ అన్న మాట నాకు దొరికింది, ఆ మాట దొరకగానే నేను ఆమెను చూడడం ఆపేశాను. పిల్లవాడు అడిగేదాకా ఆ కవరు నాకు గుర్తు రానే లేదు.

రెండో సంగతి మైపాడు దారిలో జరిగింది. ఏప్రిల్ నెల, కోతలు అయిన రోజులు. ఇందుకూరుపేట దాటాక తారురోడ్డు మీద ఒక పక్కన వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చారు. రెండు పుట్లకు తక్కువ ఉండవు. మా వైపు పుట్టి అంటే 850 కిలోలు. ఉన్నట్టుండి మబ్బు కమ్మి చినుకులు మొదలయ్యాయి. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ వస్తుందని, ధర తెగ్గోస్తారని ఆ దారిన పోయే ప్రతివాడికీ తెలుసు. మోటారు సైకిలు మీద పోతున్న ఇద్దరు, ఒక ఆటో అబ్బాయి, బడి నుంచి వస్తున్న నలుగురు పిల్లలు ఎవరూ పిలవకుండానే దిగి, వడ్లను పోగుచేసి, పట్టలు లాగి కప్పి, రాళ్లు ఎత్తి అంచుల మీద పెట్టారు. పది నిమిషాల్లో ముగిసింది. తడిసిపోయి, నవ్వుకుంటూ ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. నాకూ కళ్లు చెమర్చాయి, కథ దొరికిందనుకున్నాను. వాన ఆగక, టీ దుకాణం రేకుల కింద నిలబడక తప్పలేదు కాబట్టి ఆ తర్వాత జరిగింది కూడా చూశాను. లేకపోతే నేనూ ఆ పది నిమిషాలనే మోసుకుని ఇంటికి వచ్చేదాన్ని.

వాన వెలిశాక ఆ రైతు భార్య చీపురు, చేట తెచ్చుకుని రోడ్డు అంచున వంగింది. మట్టిలోకి, కంకరలోకి కొట్టుకుపోయిన గింజలను ఊడ్చి, చేటలో పోసి చెరిగి, రాళ్లు ఏరి, గుప్పెడు గుప్పెడుగా ఒక సంచిలో వేసింది. చీకటిపడేదాకా ఆ పని సాగింది, అప్పుడు ఆపి సాయం చేసినవాళ్లు ఎవరూ లేరు. నేనూ చేయలేదు, చూస్తూ నిలబడ్డాను. రైతు కొంచెం ఎడంగా నిలబడి వడ్ల వ్యాపారితో ఫోనులో మాట్లాడుతున్నాడు. పట్ట కింద చెయ్యి పెట్టి పిడికెడు వడ్లు తీసి, వేళ్లతో నలుపుతూ, ‘లేదన్నా, యాడ తడిసినాయి, చినుకు పడకముందే కప్పేసినాం’ అంటున్నాడు. ఆయన పిడికిలి సందుల్లోంచి నీళ్లు కారడం నాకు కనబడుతూనే ఉంది.

ఇప్పుడు దీనికి నీతి ఏమిటి? మానవత్వం బతికే ఉందని చెప్పాలా, అబద్ధం ఆడరాదని చెప్పాలా, ఆడవాళ్ల చాకిరీ ఎవరికీ కనబడదని చెప్పాలా? మూడూ నిజమే, ఏ ఒక్కటి చెప్పినా మిగిలిన రెండింటినీ దాచినట్టే. నేను ఆ ఆదివారం ఏమీ చెప్పకుండా, చూసినంతవరకు చూసినట్టు చెప్పి ఊరుకున్నాను. పిల్లలు ముప్పావు గంట వాదించుకున్నారు. ఆ రైతు అబద్ధం ఆడొచ్చునా, ఆడకపోతే పంట అప్పు ఎట్లా తీరుతుంది, అబద్ధం అని తెలిసినా వ్యాపారి ఎందుకు ఊరుకోవచ్చు, సాయం చేసిన ఆటో అబ్బాయికి ఆ ఫోను మాట వినబడి ఉంటే ఏమనుకునేవాడు అని. వాళ్లలో కౌలు రైతుల పిల్లలు ఇద్దరున్నారు. మిగతా రోజుల్లో నోరు విప్పని ఆ ఇద్దరే ఆనాడు ఎక్కువ మాట్లాడారు. తేమ కొలిచే మిషను ఎట్లా ఉంటుందో, దాని బొక్కలో గింజలు ఎట్లా పోస్తారో చేతులతో చూపించారు.

మీ పిల్లలు సగంలోనే నీతి అడుగుతున్నారంటే, కథ అంటే ఒక పొట్లం అని, చివరికి విప్పితే లోపల నీతి ఉంటుందని వాళ్లు నేర్చుకున్నారు. తప్పు వాళ్లది కాదు. మనమే ముందు నీతిని పట్టుకుని, దానికి తగ్గట్టు సంగతిని కత్తిరించి చెబుతున్నాం. మిగిలిన ముక్కలు కింద పడిపోతున్నాయి. పిల్లలకు కావలసినది చాలాసార్లు ఆ పడిపోయిన ముక్కల్లో ఉంటుంది.

విశేషాలేమీ జరగడం లేదని రాశారు. దీని గురించి ఒక మాట చెప్పాలని ఉంది, ఎందుకంటే నెల్లూరువాళ్లకు ఇది ఇంటి సంగతి. మా ఊరి తిక్కన సోమయాజి 13వ శతాబ్దంలో భారతాన్ని ఎత్తుకున్నప్పుడు విరాటపర్వంతో ఆరంభించాడు. నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషం అలాగే ఉండిపోయి, తర్వాత అద్దంకి రెడ్డిరాజుల ఆస్థానంలోని ఎఱ్ఱన చేతిలో పూర్తయింది. తిక్కన అక్కడి నుంచే ఎందుకు మొదలుపెట్టాడన్న దానికి పండితులు చెప్పే కారణాలు వేరు. నాకు తోచేది మాత్రం ఒకటుంది. భీముడు వంటలవాడు, నకులుడు గుర్రాల కాపరి, సహదేవుడు ఆవుల లెక్క చూసేవాడు, ద్రౌపది రాణిగారికి తల దువ్వే సైరంధ్రి. ఏడాదిపాటు ఎవరి కంటా పడకుండా, విశేషం ఏదీ జరగనివ్వకుండా, రోజు పని రోజు చేసుకుంటూ బతకడమే వాళ్ల వ్రతం. విశేషం జరిగితే బయటపడిపోతారు. అటువంటి ఏడాదిని పట్టుకుని ఆ మహాకవి పదిహేను పర్వాల పనికి కొబ్బరికాయ కొట్టాడు. వానలు పడకపోతే మన ఊళ్లలో పెద్దలు చదివించేది కూడా ఆ విరాటపర్వాన్నే.

మీ ప్రాంతానికి నేను బంధువుల ఇంటికి వచ్చాను. భూగర్భ జలాల్లో ఫ్లోరైడు వల్ల పళ్లు గారపట్టిన పెద్దవాళ్లను, తాగునీటి కోసం ట్యాంకరు వచ్చేచోట వరుసలో పెట్టిన ప్లాస్టిక్ బిందెలను అక్కడ చూశాను. ట్యాంకరు రావడానికి ఇంకా రెండు గంటలు ఉంది, అక్కడ మనిషి లేడు. బిందెలే మనుషులకు బదులు నిలబడి ఉన్నాయి. బిందె లేనిచోట ఒక చెప్పు, ఒకచోట ఇటుక ముక్క. ఒక కుక్క వచ్చి ఇటుక పక్కన ఉన్న బిందెను పడదోస్తే, అటుగా పోతున్న ముసలాయన ఆగి, దాన్ని తీసి, సరిగ్గా అంతకుముందున్న చోటే, ఇటుకకు వెనక పెట్టి వెళ్లాడు. ముందుకు జరపలేదు, వెనక్కీ జరపలేదు. అది ఎవరి బిందెనో ఆయనకు తెలుసో లేదో నాకు తెలియదు. మీరు రోజూ చూసే దృశ్యమే కావడం వల్ల మీకు విశేషం అనిపించకపోవచ్చు. మీ పిల్లలకు మాత్రం ఆ ఇటుక ఎవరిది, చెప్పు ఎవరిది, ఎవరు జరిపితే ఎవరు ఊరుకోరు అన్నది పూర్తిగా తెలిసే ఉంటుంది.

అందుచేత ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోమంటాను. రోజుకు ఐదు వాక్యాలు చాలు. వాటిలో మంచి, చెడు, పాపం, గొప్ప వంటి మాటలు రాయకుండా, చేతులు ఏం చేశాయి, ఏ వస్తువు ఎక్కడుంది, నోటి నుంచి వచ్చిన మాట ఏమిటి అన్నవే రాయండి. మాటను విన్నట్టే రాయండి. ‘ఎక్కడ తడిశాయి’ అని రాస్తే ఆ రైతు పోతాడు, ‘యాడ తడిసినాయి’ అంటేనే ఉంటాడు. రాసిన రోజే చెప్పేయకండి. వారం ఆగి మళ్లీ చదివితే, ఆనాడు మీరు పట్టించుకోనిది ఏదో అందులో కనబడుతుంది. ముఖ్యంగా, ‘ఆహా, కథ దొరికింది’ అనిపించిన నిమిషాన అక్కడి నుంచి కదలకండి. బస్సుకు వేళ మించిపోతే తప్ప, మరో పావుగంట నిలబడండి.

ప్రధానోపాధ్యాయులు నీతి అడుగుతారేమోనన్న జంకు ఉంటే, అది పెద్ద అడ్డంకి కాదు. కథ ముగిశాక మీరు చెప్పడానికి బదులు, ‘మీరు అక్కడ ఉంటే ఏం చూసేవాళ్లు?’ అని పిల్లలను అడగండి. ప్రార్థనకు మిగిలిన రెండు నిమిషాలు వాళ్లే మాట్లాడతారు. వారంలో ఒకటి రెండు రోజులు నక్క, కాకి కథలు చెప్పినా తప్పేమీ లేదు. జంతువుల కథల్లో ఏ పిల్ల వైపూ ఎవరూ తిరగరు.

కొన్నాళ్లు మీ గురించే చెప్పమని కూడా కోరుతున్నాను. మీరు పోగొట్టుకున్నవి, భయపడినవి, చిన్నప్పుడు అమ్మ దగ్గర దాచినవి. మన సంగతి మనం పదిమందిలో పెట్టినప్పుడు ఎక్కడ గొంతు ఆగిపోతుందో, ఇతరుల సంగతి చెప్పేటప్పుడు కూడా అక్కడే ఆగడం అలవాటవుతుంది.

ఇక ఆ పాప. ప్రార్థనలో, వరుసల ముందు నిలబడి క్షమాపణ చెప్పకండి. దయచేసి ఆ పని చేయకండి. మళ్లీ యాభై మంది అటే తిరుగుతారు. ఆ ఇంటికి వెళ్లి తండ్రి విషయం ఎత్తకండి. తాతగారు ఒంటరిగా కనబడిన రోజున, ‘మీ సంగతి బడిలో చెప్పి తప్పు చేశాను పెద్దాయనా’ అని ఒక్క వాక్యం చెప్పండి, అది ఆయనకు రావలసిన మాట. పాపతో మాత్రం ఏమీ చెప్పకండి, ఏమీ అడగకండి. మధ్యాహ్న భోజనం వేళ పళ్లెం పట్టుకుని వెళ్లి ఆ పాప కూర్చున్న వరుసలో, పక్కనే కింద కూర్చుని తినండి. మొదటి రోజు జరిగి కూర్చుంటుంది. మర్నాడు కూడా అక్కడే కూర్చోండి. ఎన్ని రోజులు పడుతుందో నేను చెప్పలేను. మా గోడ మీదకు గిన్నె మళ్లీ రావడానికి ఏడాది పట్టింది, పిల్లలు అంత కాలం తీసుకోరనే అనుకుంటున్నాను. ఏదో ఒక రోజు కోడిగుడ్డు పెంకు తీయడం రాకనో, కూరలో మిరపకాయ తగిలో మీ వైపు తిరుగుతుంది. ఆ సంగతి మీ నోటు పుస్తకంలో రాసుకోండి, ఎవరికీ చెప్పకండి.